నాలుగు వందల్లో ఒక అవ్వ

జూన్ 3, మంగళవారం

ల్యాబుకి కొత్త మెషీను వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. అది పళ్ళు కొలుచుకుని, దానంతటదే చెక్కేస్తుందట. డాక్టరమ్మ దాని అద్దం తుడుస్తూ, "మీరేం భయపడకండి, ఎవరి ఉద్యోగమూ ఎక్కడికీ పోదు" అంది. మేమెవరమూ ఆ మాట అడగలేదు. అడగకుండానే చెప్పింది.

పదహారేళ్ళుగా కట్టుడుపళ్ళు చేస్తున్నాను. పెళ్ళైన కొత్తలో, "అమ్మాయి పళ్ళ పని చేస్తుంది" అంటే మా ఆడపడుచు అరటిపళ్ళ వ్యాపారం అనుకుంది. నా చేతి పళ్ళతో ఎంతమంది నవ్వుతున్నారో నాకు తెలీదు. చేసింది నేనని వాళ్ళకీ తెలీదు.

సాయంత్రం మా వీడియో గేమ్ గ్రూపులోని టైపిస్టు గారు ఫోన్ చేసింది. "అమ్మాయ్, అవ్వ చెయ్యి విరిగింది" అంది.

"ఏ అవ్వండీ?"

"మనకెంతమంది అవ్వలున్నారు? దీపాల అవ్వ! దుమ్ము దులుపుతుంటే కింద పడింది. మణికట్టు దగ్గర విరిగి, లాంతరు మంచం కిందకి దొర్లింది. నువ్వైతేనే అతికించగలవు."

వెంటనే సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక వెళ్ళి, అరలో బొమ్మల వరస చివర ఖాళీ చోటు తుడిచాను.

జూన్ 5, గురువారం

వెళ్ళి తెచ్చాను.

ఆవిడది మూడో అంతస్తు, కిటికీ తీస్తే బస్సు డిపో. డెబ్భై రెండేళ్ళు. కోర్టులో ముప్ఫై నాలుగేళ్ళు టైపు కొట్టి రిటైరై, ఆ తర్వాత 'ఏడు వంతెనలు' వీడియో గేమ్ మొదలుపెట్టింది. మా గ్రూపులో ముప్ఫై ఒక్కరం ఉన్నాం, ఆట మొత్తం మూడుసార్లు పూర్తి చేసింది ఆవిడొక్కతే. ఇప్పుడు రెండు కళ్ళకీ శుక్లాలు. టీవీకి జానెడు దూరంలో స్టూలేసుకుని, ముక్కు తెరకి ఆనించి ఆడుతోంది. "వంతెన కనిపిస్తోంది గానీ కింద నది కనపడట్లేదు. అందుకే భయం లేకుండా దూకేస్తున్నాను" అని నవ్వింది. జూలై ఒకటిన మొదటి కంటికి ఆపరేషను.

ఆట తయారుచేసిన కంపెనీ, అందులోని మనుషులవి తొమ్మిది బొమ్మలు చేసింది. ఎనిమిది ఎక్కడ పడితే అక్కడ దొరికాయి. అవ్వ మాత్రం నాలుగు వందలే పోశాక అచ్చు పగిలిపోయింది. మళ్ళీ అచ్చు చేయించేలోగా కంపెనీయే మూతబడింది. ఎనిమిదీ నా దగ్గరున్నాయి. ఆరేళ్ళుగా అరలో చివరి చోటు ఖాళీ.

అవ్వని అట్టపెట్టెలో, దూది మీద పడుకోబెట్టి ఇచ్చింది. "తొందరేం లేదమ్మా. నెల పట్టినా పర్వాలేదు" అంది.

తొందరేం లేదని ఆవిడే అంది.

జూన్ 8, ఆదివారం

చెయ్యి అతికించాను. లోపల సన్నటి స్టీలు తీగ పెట్టి, రెండు ముక్కలూ కలిపి, పళ్ళకి వాడే రెసిన్‌తో సందు పూడ్చి, పైన రంగు అద్దాను. నలభై నిమిషాలు పట్టింది. ఎక్కడ విరిగిందో నాకే కనపడట్లేదు.

అరలో ఎనిమిదింటి పక్కన పెట్టాను, ఫోటో తీద్దామని. తీశాను. తీశాక కూడా అక్కడే ఉంచాను.

రెండో గర్భం నిలవనప్పుడు నాలుగు నెలలు సోఫాలోంచి లేవలేదు. ఈ ఆటే ఆడాను. మూడో వంతెన దగ్గర దారి తప్పితే అవ్వ లాంతరు పట్టుకుని వస్తుంది. ఏమీ అడగదు. ముందు నడుస్తుంది, అంతే. అప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఏదో ఒకటి అడిగారు.

ఆవిడకి ఫోన్ చేయలేదు.

జూన్ 9, సోమవారం

ఆవిడే చేసింది. "అవ్వ ఎలా ఉంది?"

"అతుకు ఆరాలండీ. ఇంకో పది రోజులు."

ఆ జిగురు ఐదు నిమిషాల్లో ఆరుతుంది.

జూన్ 12, గురువారం

ల్యాబు నుంచి దవడల అచ్చులు తీసే సిలికాన్ కొంచెం తెచ్చాను. డబ్బా ఎలాగూ గడువు దగ్గరపడింది. అవ్వకి అచ్చు తీసి చూద్దామని, ఊరికే. శాలువా మడతలు ఆ కంపెనీ వాడు అంత పల్చగా ఎలా పోశాడో తెలుసుకోవాలని.

మెషీను ఈ రోజు పద్నాలుగు పళ్ళు చెక్కింది. నేను నాలుగు.

జూన్ 15, ఆదివారం

ఆ అచ్చులో పళ్ళ రెసిన్ పోసి చూశాను, మొదటిదానికి ముక్కు మీద గాలిబుడగ. రెండోదానికి లాంతరు పిడి రాలేదు. బొమ్మ పోయడం, పన్ను పోయడం ఒకటి కాదు. పన్నుకి మొహం ఉండదు.

జూన్ 19, గురువారం

మూడోది వచ్చింది.

శాలువాకి పొగతాగేవాళ్ళ పళ్ళకి వాడే గోధుమరంగు వేశాను. వేళ్ళకి చిగుళ్ళ రంగు, కొంచెం పసుపు కలిపి. జుట్టుకి ముసలివాళ్ళ ముందుపళ్ళకి వేసే బూడిద తెలుపు. తూచితే అసలుదానికంటే పదకొండు గ్రాములు తక్కువుంది. బొమ్మ నిలబడే పీట లోపల ఇనుప గుళ్ళు కూర్చాను. సరిపోయింది.

మెషీనుని చెయ్యమనండి చూద్దాం.

జూన్ 20, శుక్రవారం

మా ఆయన లిఫ్టుల రిపేరు నుంచి వచ్చి, గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని అర ముందు నిలబడ్డాడు. ఇద్దరు అవ్వలూ పక్కపక్కనే ఉన్నారు.

"వీళ్ళలో ఏది అసలు?"

"నువ్వే చెప్పు."

చాలాసేపు చూసి నేను చేసినదాన్ని చూపించాడు. ఈ మధ్య నాకింత సంతోషం ఎప్పుడూ కలగలేదు. అలా రాసుకోవడం బాగాలేదు గానీ, నిజం.

జూన్ 22, ఆదివారం

అవ్వని ఇచ్చేసి వచ్చాను. టీ ఇచ్చింది. ఆపరేషనుకి తోడు ఎవరొస్తారో, ఎన్నాళ్ళు స్నానం చేయకూడదో మాట్లాడుకున్నాం.

జూన్ 23, సోమవారం

నిన్న సరిగ్గా రాయలేదు.

బ్యాగులో రెండు పెట్టెలు పట్టుకెళ్ళాను. నేను చేసింది ఆవిడకి చూపించి మెప్పు పొందుదామని. దారంతా అదే అనుకున్నాను. ఆవిడ "ఏదీ, ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపింది. బ్యాగులో చెయ్యి పెట్టి ఒక పెట్టె తీశాను. ఏది తీశానో నాకు తెలుసు.

ఆవిడ అవ్వ మణికట్టు మీద బొటనవేలు మూడుసార్లు రాసింది. "అతుకు తగలనే లేదు! నీ చేతుల్లో ఏదో ఉందమ్మా" అంది.

రెండో పెట్టె బ్యాగులోనే ఉండిపోయింది.

జూన్ 24, మంగళవారం

మా ఆయన అర చూసి, "నీ కాపీయేనా ఇది? అసలుది ఇచ్చేశావా?" అన్నాడు.

"ఆఁ, కాపీయే" అన్నాను.

"అసలుదానికంటే ఇదే బాగుంది" అన్నాడు.

జూన్ 26, గురువారం

మార్చేస్తాను. ఆదివారం వెళ్ళి, ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు మార్చేస్తాను. ఆపరేషను మంగళవారం. అప్పటిదాకా ఆవిడకి ఎలాగూ తేడా కనపడదు. ఒక వారం నా అరలో ఉంటే అవ్వ ఏమీ అరిగిపోదు.

తొమ్మిదీ వరసగా ఉంటే ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. చూశాను. చాలు.

జూన్ 29, ఆదివారం

అసలుదాన్ని పట్టుకుని వెళ్ళాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. అరలో అవ్వ లేదు.

అవ్వ చోట ఆ తొమ్మిదిట్లో ఇంకో బొమ్మ, గంటల మనిషి నిలబడి ఉన్నాడు.

"గార్డుకి పంపించేశాను" అంది లోపల్నించే. గార్డంటే గ్రూపులో ఉన్న గూడ్సు రైలు గార్డు. ఆయనది వేరే ఊరు. "తొమ్మిదేళ్ళుగా అడుగుతున్నాడు పాపం. నాకు గంటల మనిషి లేడు, ఆయన దగ్గర రెండుంటే ఒకటి ముందే పంపించాడు. నువ్వు కొత్తదానిలా చేసి ఇచ్చావు కదా, విరిగినది పంపినట్టు కూడా ఉండదు. కళ్ళు బాగుపడ్డాక అవ్వని చూస్తే మళ్ళీ మనసు మారుతుందేమోనని ముందే పార్సెలు చేయించాను."

"ఎప్పుడండీ?"

"శుక్రవారం. చక్కెర ఎంత వెయ్యను?"

అప్పుడే చెప్పాల్సింది. ఒక చెంచా అన్నాను.

జూలై 1, మంగళవారం

ఆపరేషను బాగా జరిగిందట.

జూలై 6, ఆదివారం

పొద్దున్న గ్రూపులో గార్డు ఫోటో పెట్టాడు. చీకటి గదిలో, దొంగనోట్లు పట్టుకునే ఊదారంగు లైటు కింద అవ్వ. మొహం, చేతులు, జుట్టు అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. పక్కన ఆయన దగ్గరున్న మిగతా బొమ్మలు అదే లైటు కింద నల్లగా ఉన్నాయి.

మా రెసిన్‌లో ఒక పొడి కలుపుతారు. ఆ రంగు లైటుకి అసలు పళ్ళు మెరుస్తాయి, కట్టుడుపళ్ళు మెరవకపోతే నోట్లో గుంట ఉన్నట్టు కనపడుతుందని. డబ్బా మీదే రాసి ఉంటుంది. పదహారేళ్ళుగా చదువుతున్నాను.

ఫోటో కింద ఆయన ఒకటే వాక్యం రాశాడు: "టైపిస్టు గారు నాకు పంపింది నకిలీ."

మధ్యాహ్నానికి నలభై రెండు మెసేజీలు వచ్చాయి. "పెద్దావిడ అని నమ్మితే ఇదా", "కళ్ళు కనపడవన్నది కూడా నాటకమేమో" అని. ఆ కళ్ళ మాట రాసినతను పోయినేడు ఆవిడ ఇంట్లో రెండు రోజులుండి నాలుగో వంతెన దాటడం నేర్చుకుని వెళ్ళాడు.

ఆవిడ ఒక్కటే రాసింది. "పదకొండేళ్ళుగా నా దగ్గరున్న బొమ్మనే పంపాను." చెయ్యి విరిగిన సంగతి రాయలేదు. నా మాట ఎత్తలేదు.

జూలై 7, సోమవారం

ఆవిడని గ్రూపులోంచి తీసేశారు.

జూలై 8, మంగళవారం

ఆవిడ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. "ఆలోచించానమ్మా. పదకొండేళ్ళ కిందట నేను కొన్నదే నకిలీ అయ్యుంటుంది. నన్నే ఎవడో మోసం చేశాడు. నేను గుర్తుపట్టలేదు. అప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి కూడా. అంటే నాకు చూడటం రాదన్నమాట. అంతేనంటావా?"

"అయ్యుండచ్చండీ" అన్నాను.

జూలై 9, బుధవారం

అయ్యుండచ్చండీ.

జూలై 10, గురువారం

గ్రూపు పెద్ద, లెక్కల మాస్టారు, నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. "మీది ఈ పనే కదా. గార్డు గారు బొమ్మ మీకు పంపిస్తారు. పరీక్ష చేసి, నకిలీ అవునో కాదో, ఎంత పాతదో మీరు చెబితే అందరం ఒప్పుకుంటాం."

'అలాగేనండీ' అని కొట్టాను, చెరిపేశాను. 'నాకు కుదరదండీ' అని కొట్టాను, అదీ చెరిపేశాను. ఈ రోజు ల్యాబులో ఒకాయన పైవరస ఎడమవైపు పన్ను కుడివైపు పెట్టేశాను. డాక్టరమ్మ చూసి, "మీరా?" అంది.

జూలై 11, శుక్రవారం

మా ఆయనకి చెప్పేశాను. అన్నం తింటూ ఉన్నాడు. తినడం ఆపి వింటాడనుకున్నాను. ఆపలేదు. మొత్తం విని, కంచం తీసి కడిగి, చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

"అది కాపీ అని నాకెందుకు చెప్పావు? నేనెవరితో అంటాను?"

"ఏమో."

"అసలుదే నా దగ్గర ఉంచుకున్నానని చెప్పినా నేనేం అనేవాణ్ణి కాదేమో. అంటే, అనేవాణ్ణే. కానీ తెలిసేది కదా." తువ్వాలు మడిచి పెట్టి, "ఆవిడ ఇల్లు ఏ అంతస్తు?" అన్నాడు.

"మూడు."

"లిఫ్టుందా?"

"లేదు."

"ఆ కళ్ళతో మూడంతస్తులు దిగి వెళ్ళి పార్సెలు చేయించింది" అన్నాడు. పడుకునే ముందు, "ఆదివారం నేను కూడా రానా?" అని అడిగాడు. వద్దన్నాను.

జూలై 13, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆవిడ తలుపు తీసింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉంది. నన్ను చూసి అద్దాలు పైకి జరిపి, "నీకు ఇక్కడ మచ్చ ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే" అని నా చెంప చూపించింది. నేను పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. మూత కూడా నేనే తీశాను. ఆవిడ అవ్వని చేతిలోకి తీసుకోలేదు. వంగి చూసింది. తర్వాత నన్ను చూసింది.

మొత్తం చెప్పాను. అచ్చు, రెండు పెట్టెలు, టీలో చక్కెర, ఫోన్లో నేనన్న మాట. ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. కోర్టులో అలవాటనుకుంటాను.

అంతా అయ్యాక అంది. "ఫోటో చూసిన రోజు ఒక్క క్షణం నాకు నువ్వు గుర్తొచ్చావు. ఛీ, ఆ పిల్ల అలాంటిది కాదనుకున్నాను. అనుమానం వచ్చినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నీకు ఫోన్ చేశాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సి వస్తుంది.

"క్షమించమని అడగడానికి వచ్చాను."

"నాకు చెబితే ఏమొస్తుంది? నన్ను మోసగత్తె అన్నది నువ్వు కాదు కదా. వాళ్ళు. వాళ్ళకి చెప్పు. ఇక్కడే కూర్చుని రాయి."

కుర్చీ జరిపింది. ఫోన్లో రాసి చూపించాను. ఆవిడ ఫోన్ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదివింది. మొన్నటిదాకా ముక్కుకి ఆనించుకుని చదివేది.

"'టైపిస్టు గారి బొమ్మ నా దగ్గర పొరపాటున మారిపోయింది.' 'పొరపాటున' తీసెయ్" అంది.

తీసేశాను.

"'మారిపోయింది' ఏమిటి, దానికదే మారిందా? 'మార్చాను.'"

మార్చాను అని దిద్దాను.

"'అందుకు ఎంతో బాధపడుతున్నాను, ఆ రోజుల్లో నా మనఃస్థితి...' ఇది వాళ్ళకెందుకు? కొట్టెయ్. ఎవరు చేశారు, ఏం చేశారు, ఏ రోజు చేశారు. అంతే ఉండాలి."

చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి. 'టైపిస్టు గారు జూన్ 5న తన దీపాల అవ్వని రిపేరుకి నాకిచ్చారు. నేను దానికి నకలు చేసి, జూన్ 22న నకలు ఆవిడకిచ్చి అసలుది ఉంచుకున్నాను. ఆవిడకి ఈ సంగతి తెలియదు. అసలు బొమ్మని నేనే గార్డు గారికి తీసుకెళ్ళి ఇస్తాను.'

"పంపు" అంది.

పంపాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. టీ కోసం కాదు. కొళాయి చప్పుడు వినపడింది. చాలాసేపు వినపడింది. నేను అవ్వని మళ్ళీ పెట్టెలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి నేను గ్రూపులో లేను.

జూలై 16, బుధవారం

ఆవిడని మళ్ళీ చేర్చుకున్నారట. మా ఆయన ఆవిడకే ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆవిడ ఎత్తి మాట్లాడిందా అని అడిగితే, "మాట్లాడింది. నీ గురించి అడగలేదు" అన్నాడు.

జూలై 20, ఆదివారం

నాలుగు గంటల ప్రయాణం. గార్డు స్టేషనుకే వచ్చాడు. పొట్టిగా, నీటుగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. నేను ఎవరో కోపిష్టి మనిషిని ఊహించుకున్నాను. ప్లాట్‌ఫారం చివర వాళ్ళ రెస్టు రూముకి తీసుకెళ్ళి, కిటికీ మూసి, జేబులోంచి ఆ లైటు తీశాడు. అసలుదాని మీద వేశాడు. అవ్వ చీకట్లో కలిసిపోయింది. మణికట్టు దగ్గర మాత్రం నేను పూసిన చోట, ఒక సన్నటి తెల్లగీత కనపడింది.

"ఇక్కడే విరిగిందా?"

"అవునండీ."

కిటికీ తెరిచి, అవ్వని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నవ్వలేదు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మొహం ఇలా ఉండాల్సింది కాదు. అదీ నా వల్లే.

"నేను కూడా తొందరపడ్డానండీ" అన్నాడు. "ఆవిడకి ముందు ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. ఫోటో పెట్టేశాను. మొన్న వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను." సంచీలోంచి నా బొమ్మ తీశాడు. "దీన్ని పగలగొడదామని రెండుసార్లు సుత్తి తీశాను. చెయ్యి రాలేదు. మీరే ఏదో ఒకటి చేసుకోండి."

జూలై 21, సోమవారం

డాక్టరమ్మకి సిలికాన్, రెసిన్ సంగతి చెప్పాను. "అడిగితే ఇచ్చేదాన్నిగా" అంది. ఆ తర్వాత, మెషీను చెక్కిన పళ్ళు అన్నీ ఒకే తెలుపులో వస్తున్నాయని, పేషెంట్లు వెనక్కి తెస్తున్నారని, ఇకమీదట రంగు వేసే బల్ల నేను చూసుకోవాలని చెప్పింది. సరేనన్నాను. పెద్ద పదవేం కాదు. తక్కువా కాదు.

భోజనాల వేళ అందరూ వెళ్ళాక, సన్నటి డ్రిల్లుతో నా బొమ్మ పీట అడుగున చెక్కాను. 'నకలు' అని, తేదీ, నా పేరు. పేరు దగ్గర చెయ్యి ఆగింది. పళ్ళ మీద పేరు చెక్కే అలవాటు ఎవరికుంటుంది?

ఇంటికి తెస్తే మా ఆయన తిరగేసి అక్షరాలు చదివాడు. అరలో పెట్టబోయి నా వంక చూశాడు. వద్దన్నాను. అది ఇప్పుడు అలమరా పైన, కరెంటు బిల్లుల పక్కన ఉంది.

జూలై 27, ఆదివారం

ఏమీ లేదు.

ఆగస్టు 2, శనివారం

ల్యాబులో ఉండగా ఫోన్ మోగింది. టైపిస్టు గారు. రంగు చేతులతోనే ఎత్తాను.

పలకరింపు లేదు. "నా ఆట రిమోటుది ఎడమ బటను ఇరుక్కుపోయింది. అవ్వ లాంతరుతో వచ్చే చోట కుడికి తప్ప తిరగడం లేదు. షాపువాడు కొత్తది కొనుక్కోమంటున్నాడు, ఈ మోడలు ఇప్పుడెక్కడా దొరకదు. నీకొచ్చా?"

"వచ్చండీ. వచ్చి తీసుకెళ్తాను."

"తీసుకెళ్ళడాలేం లేవు."

అటువైపు బస్సు హారను మోగింది. అది అయ్యేదాకా ఆగి, ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది.

"రేపు పదింటికి రా. కిటికీ దగ్గర బల్ల వేయిస్తాను. అక్కడ కూర్చుని, నా ఎదురుగానే చెయ్యి. రెండో కన్ను కూడా అయిపోయింది. ఇప్పుడు నాకు బాగా కనిపిస్తోంది."

"అలాగేనండీ" అన్నాను.